హార్బీ దొర వయసు

మస్కట్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి సీసా మూత తీసి వాసన చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా పెట్టెలో రెండు జతల బట్టలు, ఒక నోటుపుస్తకం, ఒక కొవ్వొత్తి, కిలో తెల్లపొడి ఉన్నాయి. ఆయన స్థానంలో నేనున్నా ఆపేవాణ్ణే.

"ఇదేమిటి?"

"సున్నం."

"దేనికి?"

"సమాధికి వెయ్యడానికి."

"ఎవరి సమాధి?"

"మా ఆవిడ ముత్తాత తండ్రిది. ఇంగ్లీషువాడు. ఇక్కడే ఉన్నాడు."

ఆయన ఇంకొకణ్ణి పిలిచాడు. ఆ ఇంకొకడు మరొకణ్ణి పిలిచాడు. మూడో ఆయన పెద్దవాడు. చిటికెడు పొడి తీసి, నీళ్ళ సీసాతో వేలు తడుపుకుని, బల్ల అంచున రాసి చూశాడు. "నూరా" అన్నాడు మిగతా ఇద్దరితో. సున్నానికి అక్కడి మాట అదే. చిన్నప్పుడు వాళ్ళ తాత ఇంటి గోడలకి అదే పూసేవాళ్ళట.

"మా దేశంలో సున్నం దొరకదనుకున్నావా?" అని అడిగాడు.

మంచి ప్రశ్నే. "మా ఊరి గుల్లసున్నమే వెయ్యాలని మా ఆవిడ చెప్పింది" అన్నాను.

"ఆమె రాలేదా?"

"చనిపోయింది."

పెద్దాయన మూత తనే గట్టిగా బిగించి సీసా నా చేతికిచ్చాడు. ఆ దేశంలో నాకు దొరికిన మొదటి మర్యాద అది.

భీమిలి ప్రశ్న

భీమిలిలో మా ఆవిడ సలోమి పుట్టింటివాళ్ళని ఇప్పటికీ కొందరు దొరోళ్ళు అంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ ఊళ్ళో తెల్లవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో జోసఫ్ హార్బీ అనే ఇంగ్లీషువాడు వచ్చి స్థిరపడ్డాడు. కొబ్బరితాళ్ళు, నువ్వులు ఓడలకెత్తించేవాడు. రేవు దగ్గర మేడ కట్టాడు. అక్కమ్మ అనే అమ్మాయిని చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. ఒక కొడుకు పుట్టాక, ఒక్క సీజను వ్యాపారమని చెప్పి ఓడెక్కి మస్కట్ వెళ్ళాడు. మనిషి తిరిగి రాలేదు. ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం ఇంగ్లీషు ప్రతిని చెదలు తినేశాయి. చర్చి ఉపదేశి చేసిన తెలుగు తర్జుమా మిగిలింది. దొర స్నేహితుడెవరో రాసినట్టుంది. జనవరి నెలలో నిజ్వా తోటల్లో దగ్గరుండి ఖర్జూరపు గెలలు దింపిస్తుండగా హార్బీ గారికి విషజ్వరం తగిలిందనీ, మస్కట్ చేర్చేసరికి ప్రాణం పోయిందనీ, నలభై ఒకటో ఏట ప్రభువు పిలుచుకున్నాడనీ అందులో ఉంది. అక్కమ్మకి అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఆ రోజు నుంచి పోయేదాకా తెల్లచీర తప్ప కట్టలేదు. అంటే యాభై ఏళ్ళకు పైగా.

ఆమె సమాధి రాయి మీద రెండు వరసలున్నాయి. మొదటిది ఆమె పేరు. రెండోది 'కీర్తిశేషులు జోసఫ్ హార్బీ గారి విధవ'. నవంబరు మొదట్లో సమాధుల పండగకి అక్కడ అందరూ సమాధులకి సున్నం వేస్తారు. సున్నంలో మునిగిపోయిన అక్షరాలని సన్న కుంచెతో నల్లరంగు పెట్టి మళ్ళీ దిద్దుతారు. పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగిస్తారు. చేతిరాత బాగుంటుందని సలోమికి పన్నెండో ఏట ఈ దిద్దే పని అప్పగించారు. దాదాపు యాభై ఏళ్ళు దిద్దింది. ఆమె దిద్దుతుంటే మేనత్త దీనమ్మ గారు కుర్చీలో కూర్చుని ఆ ఉత్తరం పైకి చదివేవారు. ఆవిడకిప్పుడు ఎనభై నాలుగు.

సలోమి చరిత్ర టీచరు. చివరి ఏళ్ళలో రెండో వరస దగ్గరకొచ్చేసరికి విసుక్కునేది. "పోయినవాడి పెట్టె రాలేదు, గడియారం రాలేదు, ఉంగరం రాలేదు. ఉత్తరమొక్కటే వచ్చింది. ఈయన నిజంగా చచ్చాడో లేదో తెలీకుండా ఏటా నేను ఆవిణ్ణి విధవని చేస్తున్నాను" అనేది నాతో. మేనత్త వినకుండా అనేది.

మస్కట్‌లోని పాత క్రైస్తవ సమాధుల జాబితా ఒకటి ఎవరినో పట్టుకుని తెప్పించుకుంది. అందులో హార్బీ పేరుంది. పక్కన 'తక్కిన అక్షరాలు చదవడానికి రావు' అని ఉంది. టిక్కెట్లు చూస్తుండగా జబ్బు బయటపడింది. ఫిబ్రవరిలో వెళ్ళిపోయింది. నోటుపుస్తకం చివరి పేజీలో నాకోసం ఇలా రాసిపెట్టింది:

"మీరు వెళ్ళండి. ఉత్తరం నిజమైతే, మన గుల్లసున్నం వేసి, కొవ్వొత్తి వెలిగించి, ఇన్నేళ్ళు అనుమానించినందుకు నా తరఫున క్షమాపణ చెప్పండి. అబద్ధమైతే కొవ్వొత్తి దండగ, వెనక్కి తెచ్చెయ్యండి. ఏ సంగతో తెలుసుకుని అక్కమ్మకి చెప్పాలి."

నూరేళ్ళ కిందట పోయిన అక్కమ్మకి ఎలా చెప్పాలో రాయలేదు. టీచరు కాబట్టి కొంత విద్యార్థికి వదిలేసింది.

అల్ మవాలే

సలోమి అన్న కొడుకు అనిల్ మస్కట్ శివారు అల్ మవాలేలో ఉంటాడు. దుకాణాలకి సరుకులు సరఫరా చేసే కంపెనీలో ఉద్యోగం. వాళ్ళింట్లో దిగాను. మొదటి సాయంత్రం పాల ప్యాకెట్ కోసం పావు కిలోమీటరు నడిచాను. ఆ కాస్త దూరంలో మూడు కార్లు ఆగాయి, ఏమైందని. ఇంటికొచ్చి చెబితే అనిల్ నవ్వాడు.

"మావయ్యా, ఇక్కడ మనిషి నడుస్తున్నాడంటే కారు పాడైందని అర్థం."

టీకొట్టు దగ్గర కూడా ఎవరూ కారు దిగరు. హారన్ కొడతారు. లోపలినుంచి మనిషి పరుగెత్తుకొచ్చి యాలకులు వేసి మరిగించిన చిక్కటి టీ కాగితపు కప్పులో అందిస్తాడు. కప్పు నూరు బైసాలు, మన లెక్కలో పాతిక రూపాయల లోపు. మా ఊళ్ళో టీకొట్టు ముందు అలా హారన్ కొడితే టీ రాదు, వచ్చేది వేరే ఉంటుంది.

అనిల్ భోజనం దగ్గర అసలు మాట బయటపెట్టాడు. "అబద్ధమని తేలిందే అనుకోండి. దీనమ్మ మామ్మకి చెప్తారా? ఆవిడ ఆ ఉత్తరం కంఠతా పట్టింది. తట్టుకోలేదు."

"ఇంకా తేలలేదుగా."

"తేలకపోతే బాగుణ్ణు" అన్నాడు. అంతలోనే తన మాటకి తనే నొచ్చుకుని, నాకు ఇంకో రొట్టె వడ్డించాడు.

ఆ సమాధులు కొండల మధ్య చిన్న ఇసుక ఒడ్డు మీద ఉన్నాయి. దారి లేదు, పడవలో వెళ్ళాలి. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజుకి పడవ మాట్లాడాడు. వాళ్ళ ఇంటికి రంగులు వేసిన మల్లేశం అనే జగిత్యాల పెయింటర్‌ని సాయం పంపుతానన్నాడు. ఈలోపు మూడు రోజులున్నాయి. హార్బీకి జ్వరం తగిలిన నిజ్వా చూసొద్దామని మంగళవారం బస్సెక్కాను.

నిజ్వా

బస్సు రెండు గంటల పైనే పట్టింది. నా పక్క సీటు కుర్రాడు నిర్మల్ వైపువాడు. ఏదో సైట్‌కి పోతున్నాడు. ఎక్కీ ఎక్కగానే నిద్రపోయి, దిగేముందు లేచి "గింత దూరం ఏం చూడనీకె వచ్చిండ్రు సారు? అన్నీ గుట్టలే గదా" అన్నాడు. అతను చెప్పింది నిజం. గుట్టలన్నీ ఎవరో తవ్వి పోసి మళ్ళీ తీసుకుపోవడం మర్చిపోయినట్టున్నాయి. వాటి మధ్య హఠాత్తుగా ఊరు, కోట, పచ్చటి ఖర్జూరపు తోటలు.

బజారులో ఖర్జూరం దుకాణం ముందు హమద్ అనే పెద్దమనిషి పిలిచి చాప మీద కూర్చోబెట్టాడు. డెబ్భై దాటి ఉంటాయి. హిందీ బాగా మాట్లాడతాడు, బొంబాయి వర్తకులతో నేర్చుకున్నాడట. ముందు ఖర్జూరం పెట్టాడు, తర్వాత పిడి లేని చిన్న కప్పులో కాఫీ పోశాడు. పాలు, చక్కెర లేవు. తాగి కప్పు అందించాను. మళ్ళీ పోశాడు. తాగాను. మళ్ళీ పోశాడు. మన ఇళ్ళలో చాలనడానికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. కప్పు మీద చెయ్యి పెట్టి చూశాను, కాఫీ చేతి మీద పడింది. ఏడో కప్పుకి పక్క దుకాణంవాడు జాలిపడి, ఖాళీ కప్పు అటూ ఇటూ ఊపాలని చూపించాడు. ఊపాను. ఆపేశాడు. "నీకు చాలా ఇష్టమనుకున్నాను" అన్నాడు హమద్.

వచ్చిన పని చెప్పి, ఉత్తరంలో విషయం హిందీలో వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. జ్వరం దగ్గర తలూపాడు. మరణం దగ్గర దేవుణ్ణి తలచుకున్నాడు. తర్వాత, "ఏ నెలన్నావు?" అని అడిగాడు.

"జనవరి."

"గెలలు దింపిస్తున్నాడా?"

"అవును."

పక్క దుకాణంవాణ్ణి పిలిచి అరబ్బీలో ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వారు. పోయినవాడి గురించి నవ్వుతున్నామని గుర్తొచ్చి ఆపారు. మళ్ళీ నవ్వారు.

"భాయ్, గెలలు దింపేది ఎండాకాలంలో. జనవరిలో చెట్టు మీద ఆకులుంటాయి. చలికాలం చివర మేం చెట్టెక్కేది పుప్పొడి చల్లడానికి, కాయలకి కాదు. ఈ ఉత్తరం రాసినవాడు ఖర్జూరం తినుంటాడు. చెట్టు చూసి ఉండడు."

"నెల తప్పు రాసుండొచ్చు. లేదా తెలుగులోకి మార్చినవాడు తప్పు చేసుండొచ్చు" అన్నాను. ఎందుకో దొర తరఫున వాదిస్తున్నాను.

"ఉండొచ్చు" అన్నాడు హమద్ మర్యాదగా. అరకిలో ఖర్జూరం కాగితంలో కట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. "మీ ఇంటి పెద్దావిడకి ఇవ్వు. ఇవి సరైన నెలలో కోసినవని చెప్పు."

ఇబ్రా

బుధవారం అనిల్ ఇబ్రా అనే ఊళ్ళో దుకాణాలకి ఆర్డర్లు రాసుకోవడానికి వెళ్తూ నన్ను తీసుకెళ్ళాడు. అతను పనిలో ఉండగా నేను జనం ఎక్కువగా ఉన్న సంతలోకి నడిచాను. బట్టలు, అత్తర్లు, వెండి గాజులు. బాగుంది. కాస్త లోపలికి వెళ్ళాక అందరూ నన్నే చూస్తున్నారనిపించింది. ఇంకాస్త వెళ్ళాక చూస్తున్నవాళ్ళందరూ ఆడవాళ్ళని అర్థమైంది. అప్పటికే ఒక పెద్దావిడ లేచి గుడ్డల తాను నా వైపు ఊపుతూ, కోళ్ళని తోలినట్టు తోలుతోంది. ఇబ్రాలో బుధవారం సంత ఆడవాళ్ళది. అమ్మేది వాళ్ళే, కొనేది వాళ్ళే. మగవాడు గేటు దగ్గరే ఆగాలి. తెలిశాక సిగ్గేసింది. ఆలోచిస్తే ఏర్పాటు మంచిదే. మన సంతల్లో మగవాళ్ళు చేసే పనేమిటని చూస్తే, తొందరపెట్టడం ఒక్కటే.

బయట గోడ నీడలో ఒకావిడ నవ్వు ఆపుకుంటూ కూర్చునుంది. "తెలుగాయనేనా సార్? మొగం చూస్తానే అనుకున్యా" అంది. పేరు రమణమ్మ. కడప జిల్లా. ఇక్కడొక ఇంట్లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. మేడం లోపల బేరాలాడుతుంటే సంచులకి కాపలా ఉంది. హమద్ ఇచ్చిన ఖర్జూరంలో నాలుగు తీసి పెట్టాను. ఏం పనిమీద వచ్చారంటే చెప్పాను. అనుమానంతో సహా చెప్పాను.

ఆమె గింజ ఉమ్మి ఆలోచించింది. "చచ్చినానని రాయించినాడా మీ దొర?"

"అలా అని మా ఆవిడ అనుమానం."

"శానా మంచోడు సార్. మా ఆయన ఆ పనీ చెయ్యలా. పొద్దున్నే పంపుసెట్టు రిపేరని పొయినాడు, పన్నెండేండ్లాయ. ధర్మవరంలో ఇంగొకామెతో ఉండాడంట. ఒక జాబన్నా రాసుంటే తెల్లచీర కట్టుకోనుందును, పింఛనన్నా వస్తుండె."

నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. తర్వాత తన సంచిలోంచి పాస్‌పోర్టు నకలు తీసి చూపించింది. వేలితో ఒక చోట కొట్టింది.

"ఈడ చూడండి, భర్త పేరు. నేను సంపాయిస్తాండా, నేను పిల్లోళ్ళను సదివిస్తాండా. యాడికి పొయినా యీ పేరు నా యెనకాలే వస్తది. తీసెయ్యాలంటే యెన్నో కాయితాలంట. ఆయప్ప పోనే పొయినాడు, పేరు మాత్రం పోదు."

లోపలినుంచి మేడం పిలిచింది. రమణమ్మ నాలుగు సంచులూ రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆ తల్లి పేరేం సార్?"

"అక్కమ్మ."

"పాపం, యాభై యేండ్లు" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. నేను గేటు ఇవతలే ఆగాను.

పడవ దారి

శుక్రవారం పొద్దున్నే మల్లేశం వచ్చాడు. పన్నెండేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు. సెలవు రోజైనా బకెట్, రెండు కుంచెలు, గోనెసంచి, మంచినీళ్ళ క్యాను, అన్నం డబ్బా తెచ్చుకున్నాడు. సున్నం సీసా మూత తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"మస్తున్నది సారు. నీలిమందు తెచ్చిండ్రా?"

"లేదు."

"తెల్లగ కొట్టదు. ఎట్లనో చేద్దాం తియ్యుండ్రి."

సాలిం అనే ముసలాయనది పడవ. సముద్రం ప్రశాంతంగా ఉందని ఆయన చెప్పాడు. నా కడుపు వేరేలా చెప్పింది. నల్లటి కొండల పక్కగా పావుగంట ప్రయాణం. ఒడ్డుకి చేరగానే దిగి ఇసుకలో కూలబడ్డాను. తల తిరుగుడు తగ్గేదాకా కదలొద్దని సాలిం నీళ్ళ సీసా ఇచ్చాడు. హార్బీ రాయి ఎన్నో వరసలో ఎన్నోదో సలోమి జాబితాలో రాసుంది. ఆ కాగితం మల్లేశానికిచ్చి, "ముందు ఎక్కడుందో చూడు" అన్నాను.

అరగంట తర్వాత లేచి వెళ్ళాను. చిన్న చోటు. మూడువైపులా కొండ, ఒకవైపు సముద్రం. ఓడల్లో పోయిన నావికులవీ పాదిరీలవీ సమాధులు. ఉప్పుగాలికి అన్ని రాళ్ళూ అరిగిపోయాయి. వాటి మధ్య ఒక్క రాయి మాత్రం పైనుంచి కిందదాకా తెల్లగా, తడిగా మెరుస్తోంది. మల్లేశం కుంచె కడుక్కుంటున్నాడు.

"అయిపోయింది సారు. ఒక్క కోటు. ఆరినంక ఇంకోటి ఏస్త."

"నేనింకా చదవలేదు" అన్నాను.

"ఏం సదువుతరు సారు? నున్నగ అరిగిపోయింది, ఒక్కక్షరం కనవడలే. మా ఊళ్ళె చర్చోళ్ళ సమాధులకు ఏటేటా నేనే ఏస్తుంటి. మొదాలు సున్నం, ఎనక పేరు. ఇంటోళ్ళు వచ్చి ఏం రాయాల్నో జెప్తరు, నేను రాస్త." జేబులోంచి సన్న కుంచె తీశాడు. "చెప్పుండ్రి. ఏం రాయమంటరు?"

అతని తప్పేమీ లేదు. మన దగ్గర పద్ధతే అది. ఎవరూ రాయిని చదవరు, ఏముందో ఇంట్లోవాళ్ళకి ముందే తెలుసు కాబట్టి. సలోమి కూడా యాభై ఏళ్ళు అలాగే రాసింది. నేనిప్పుడు 'నలభై ఒకటి' అంటే మల్లేశం అందంగా నలభై ఒకటి అని రాస్తాడు. కొవ్వొత్తి వెలిగించి ఫొటో తీసుకుని వెళ్ళొచ్చు. దీనమ్మ గారు సంతోషిస్తారు. నిజం చెప్పాలంటే కాసేపు ఆలోచించాను కూడా.

"తుడిచెయ్యి" అన్నాను.

"ఏంది?"

"ఆరకముందే తుడిచెయ్యి."

పన్నెండేళ్ళ ఉద్యోగంలో అతన్ని ఇంత అవమానించినవాళ్ళు లేరని మొహంలో తెలుస్తోంది. "గింత మంచిగ ఏసినంక తుడుసుడేంది సారు" అని గొణుగుతూ గోనెసంచి సముద్రంలో ముంచి తెచ్చాడు. ఇద్దరం రుద్దాం. పైపూత వచ్చేసింది. గోధుమరంగు రాయి బయటపడింది. దాని మీద తెల్లగా సన్నటి గీతలు మిగిలాయి. గోనె అందని లోతులో సున్నం కూర్చుండిపోయింది. ఇంతసేపూ కంటికి కనపడని అక్షరాలు, సుద్దతో రాసినట్టు ఒక్కొక్కటే పైకొచ్చాయి.

మొదట పేరు వచ్చింది. జోసఫ్ హార్బీ. దాని కింద ఇంగ్లీషులో 'ప్రేమగల భర్త' అని ఉంది. ఎవరికో చెప్పలేదు. ఏ సంవత్సరమో రాసిన చోట రాయి పెచ్చు ఊడిపోయింది. అట్టడుగున వయసు.

మల్లేశం వంగి చూశాడు. "అరవై ఎనిమిది."

"సరిగ్గా చూడు."

"ఆరు, ఎనిమిది. అంకెలు రావా సారు నాకు?"

నేను వేలు పెట్టి చూశాను. సాలిం వచ్చి ఆయన వేలు పెట్టి చూశాడు. ఎనిమిది మూడైనా కావచ్చునని ఆయన అన్నాడు. ఆరు మాత్రం ఆరే. ఎటు తిప్పి చదివినా నలభై ఒకటి కాలేదు.

చచ్చాక ఇరవై ఏడేళ్ళు బతికాడు దొర. ఖర్జూరం చెట్టు చూడకుండానే దాని కింద జ్వరం తెచ్చుకుని, స్నేహితుడి చేత తన చావు రాయించి, ఎక్కడో ఎవరికో ప్రేమగల భర్తగా ఉండి, ముసలితనం చూసి పోయాడు. అన్నేళ్ళూ సముద్రానికి అవతల తెల్లచీర ఆరుతూనే ఉంది.

ఇసుకలో కూర్చుని నవ్వాను. నవ్వు ఆగాక, ఈ సంగతి వినాల్సిన మనిషి ఒక్కతేనని, ఆమెకి ఫోను చెయ్యలేనని గుర్తొచ్చింది. ఫొటో తీసుకున్నాను.

"ఎవలు సారు ఈయన? తాతనా?" అన్నాడు మల్లేశం. చెప్పాను. మొత్తం విన్నాడు. తర్వాత గోనె తీసుకుని మళ్ళీ సముద్రం దగ్గరికి పోయాడు. తిరిగొచ్చి రాయి పక్కలూ వెనకా పట్టివున్న సున్నం ఒక్క చుక్క మిగలకుండా కడిగేశాడు. అక్షరాల్లోది మాత్రం రాలేదు. ఆ ఒడ్డు మీద ఇప్పుడు స్పష్టంగా చదవగలిగిన రాయి ఆ ఒక్కటే అయ్యుంటుంది.

బకెట్‌లో సగం సున్నం మిగిలింది. "కలిపినంక పారబొయ్యద్దు" అని, పేరు లేకుండా గులకరాళ్ళు మాత్రమే పేర్చి ఉన్న రెండు సమాధులకి వేశాడు. వాటికి రెండు కోట్లు వేశాడు. తర్వాత అతని అన్నం డబ్బా తెరిచి నలుగురికి సరిపడేంత ఉన్న చింతచారు అన్నం ముగ్గురం తిన్నాం. సాలింకి పులుపు నచ్చింది.

కొవ్వొత్తి సంచిలోనే ఉంది.

భీమిలి

వచ్చేటప్పుడు కస్టమ్స్‌లో నన్నెవరూ ఆపలేదు. మోసుకొచ్చిన అసలు సరుకు పెట్టెలో కనపడేది కాదు.

పండగకి రెండు రోజుల ముందు దీనమ్మ గారింటికి వెళ్ళాను. ఖర్జూరం ఇచ్చాను. హమద్ చెప్పమన్నది చెప్పి, అది ఎందుకన్నాడో చెప్పి, ఫోన్లో ఫొటో చూపించాను. ఆవిడ భూతద్దం తెప్పించుకుని చాలాసేపు చూశారు. సలోమివి, ఈవిడవి ఒకే రకం పిల్లికళ్ళు. దొర ఆ కుటుంబానికి మిగిల్చిన ఆస్తి అదే.

"అరవై ఎనిమిదా?"

"అవునండీ."

"ఇంగ్లీషులో పైనున్నదేంటి?"

"ప్రేమగల భర్త అని."

ఆవిడ ఫోను నాకిచ్చేసి, "కాఫీ తాగుతావా అల్లుడూ?" అన్నారు. అనిల్ భయపడినట్టు ఏమీ కాలేదు. లేక అయ్యింది నాకు తెలియలేదు.

పండగనాడు సమాధుల తోట నిండా జనం. దీనమ్మ గారి కుర్చీ ఎప్పటి చోటే వేశారు. ఒళ్ళో ఎప్పుడూ ఉండే ఉత్తరం లేదు. నేను ముందు సలోమి సమాధికి సున్నం వేశాను. దానికింకా రాయి రాలేదు. ఆ పక్కనే అక్కమ్మది. దానికీ వేసి, ఆరేదాకా ఆగి, సన్న కుంచె, నల్లరంగు డబ్బా తీసుకుని కూర్చున్నాను. నా చేతిరాత బాగోదు. అక్కమ్మ పేరు దిద్దడానికి అరగంట పట్టింది. మస్కట్ వెళ్ళొచ్చిన కొవ్వొత్తి రాయి ముందు నిలబెట్టి వెలిగించాను. డబ్బా మూత పెట్టాను. రెండో వరస సున్నం కింద ఎక్కడుందో దగ్గరగా చూస్తే తప్ప తెలియదు.

"రెండో వరస వదిలేశావేంటి?" అన్నారు దీనమ్మ గారు వెనకనుంచి.

"రంగు అయిపోయిందండీ."

ఆవిడ చెయ్యి చాపారు. డబ్బా ఇచ్చాను. మూత తీసి చూశారు. సగానికి పైగా ఉంది. మూత పెట్టకుండానే నాకు తిరిగి ఇచ్చారు.

"అయిపోయిందిలే" అన్నారు. "ఆవిడ పేరు మీద ఇంకో పూత వెయ్యి."